టైమ్‌షేర్ మెంబర్‌షిప్ తీసుకోవాలా, ఎప్పటికప్పుడు హోటల్ బుక్ చేసుకోవాలా? ఆదివారంలోగా చెప్పాలి

ఉదయసముద్రం | నల్లగొండ

అందరికీ నమస్కారం. నేను, నా భార్య ఇద్దరం ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులం. పిల్లలు ఇద్దరు. పెద్దవాడు ఎనిమిదో తరగతి, చిన్నది ఐదు. మా అమ్మ మాతోనే ఉంటుంది. ఈమధ్య హైదరాబాద్‌లో బట్టలు కొనడానికి వెళ్ళినప్పుడు మాల్‌లో ఒక కూపన్ నింపాం. వారం తిరగకముందే ఫోను వచ్చింది. బహుమతి తగిలిందని, భార్యాభర్తలిద్దరూ కలిసి వస్తేనే ఇస్తామని చెప్పారు. ఎల్బీనగర్‌లో ఒక హోటల్‌కు పిలిచి, చల్లని గదిలో కూర్చోబెట్టి, మధ్యాహ్నం భోజనం వేళ దాటేదాకా వివరించారు.

విషయం ఇది. వాళ్ళు అమ్మేది టైమ్‌షేర్ మెంబర్‌షిప్. 5 లక్షలు కడితే 25 ఏళ్ళపాటు ఏటా 7 రాత్రులు వాళ్ళ రిసార్టుల్లో ఎక్కడైనా ఉండవచ్చు. ఒక పడకగది, హాలు, చిన్న వంటగది ఉన్న యూనిట్. ఇది కాక నిర్వహణ రుసుము ఏడాదికి పన్నుతో కలిపి 20 వేలు. రద్దీని బట్టి సీజన్లు నాలుగు రకాలట. మాకు చెప్పిన ధర రెండో రకానిది. మొదటి రకం కావాలంటే ఇంకా చాలా పెట్టాలి. ముందు 50 వేలు, మిగతాది నాలుగేళ్ళ ఈఎంఐ. ఈ ధర ఆదివారం వరకే అన్నారు. సంతకం ఇంకా పెట్టలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఆశగానే ఉంది. ఏటా సెలవులు వస్తాయి, పోతాయి. ఏదో ఒక పని అడ్డం వచ్చి ఎక్కడికీ వెళ్ళం. ముందే డబ్బు కట్టేస్తేనైనా కదులుతామేమో అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రాచకొండ గుట్ట | సంస్థాన్ నారాయణపురం

సార్, 25 ఏళ్ళ ఒప్పందానికి నాలుగు రోజుల గడువు పెట్టేవాళ్ళ మీద నాకు మొదటి క్షణంలోనే నమ్మకం పోతుంది. ఆ ధర న్యాయమైనదైతే సోమవారం కూడా న్యాయంగానే ఉండాలి. మిమ్మల్ని ఆలోచించుకోనివ్వకపోవడమే ఆ గడువు పని. ముందు ఆదివారాన్ని దాటనివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం.

జడ్చర్ల జంక్షన్ | జడ్చర్ల

ఉదయసముద్రం అన్నా, మా బావగారి సంగతి చెబుతాను. కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఆయన కూడా ఇలాగే రెండో రకం సీజన్ తీసుకున్నారు. అమ్మేటప్పుడు వేసవిలో కూడా సర్దుతామని నోటిమాటగా చెప్పారు. మా అక్క ప్రైవేటు కళాశాలలో అధ్యాపకురాలు. సెలవులు ఏప్రిల్ చివర, మే నెలలోనే దొరుకుతాయి. ఆ రోజుల్లో ఊటీ, కొడైకెనాల్, కూర్గ్ అన్నీ మొదటి రకం సీజన్ కిందికి వస్తాయట. ఖాళీ మిగిలితేనే, అదీ అదనపు సొమ్ము కడితేనే ఇస్తామన్నారు. ఖాళీ ఎందుకు మిగులుతుంది? జూలైలో రమ్మంటారు. జూలైలో పిల్లలకు బడి, కొండల్లో కుండపోత వాన.

ఆయనకు కోపం వచ్చి ఒక ఏడాది నిర్వహణ రుసుము కట్టడం మానేశారు. వెంటనే బుకింగ్ ఆపేశారు. బకాయి మాత్రం వడ్డీతో పెరుగుతోంది. వాడుకోకపోయినా కట్టాల్సిందే, కట్టకపోతే వాడుకోనివ్వరు. మా అక్క ఇంట్లో ఇప్పటికీ ఆ మాట ఎత్తితే గొడవే.

మీరిద్దరూ ఉపాధ్యాయులు. మీ సెలవులు మీ చేతిలో లేవు. దసరా, సంక్రాంతి, వేసవి తప్ప వేరే రోజుల్లో వారం రోజులు మీకు దొరుకుతాయా? దొరకవు కదా. అందరూ బయలుదేరే రోజుల్లోనే మీరూ బయలుదేరాలి. రెండో రకం సీజన్ మీకు ఏ విధంగానూ పనికిరాదు.

పిల్లలమర్రి నీడ | మహబూబ్‌నగర్

బ్యాంకులో ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. లెక్క వేయకుండా ఉండలేను. ఓపికగా చదవండి.

అమ్మేవాళ్ళు చెప్పే లెక్క ఇలా ఉంటుంది. 5 లక్షలను 175 రాత్రులతో భాగించండి, రాత్రికి 2,857 రూపాయలే పడింది, ఈ ధరకు ఇంత మంచి గది ఎక్కడ దొరుకుతుంది అంటారు. నిర్వహణ రుసుము ఊసు అందులో ఉండదు. 20 వేలను 7తో భాగిస్తే అది కూడా రాత్రికి 2,857. అంటే మొదటి ఏడాదికే రాత్రికి 5,714.

ఆ 20 వేలు 20 వేలుగానే ఉంటాయా? ఏటా పెరుగుతాయి. ఏడాదికి 6 శాతం చొప్పున పెరుగుతాయని అనుకుందాం. పదమూడో ఏడాదికి 40 వేలు దాటుతాయి. చివరి ఏడాదికి దాదాపు 81 వేలు. 25 ఏళ్ళలో కట్టే నిర్వహణ రుసుము మొత్తం దాదాపు 10 లక్షల 97 వేలు. అసలు 5 లక్షల కంటే రెండు రెట్లు ఎక్కువ. మీరు బేరమాడాల్సిన సొమ్ము అసలు ఇదే. దాని గురించి బేరం మాత్రం ఎవరూ ఆడనివ్వరు.

హోటల్ ధరలు కూడా పెరుగుతాయి కదా అంటారు. పెరుగుతాయి. వాటిని కూడా అదే 6 శాతం చొప్పున పెంచి చూశాను. అలా చూస్తే టైమ్‌షేర్‌కు అయ్యే మొత్తం, నేటి ధరలో రాత్రికి 4,160 రూపాయల హోటల్ గదితో సమానం. ఇక్కడి వరకు టైమ్‌షేర్ పెద్ద నష్టంగా కనిపించదు. కానీ 5 లక్షలు ముందే వదులుకుంటున్నారు. ఆ డబ్బు బ్యాంకులో 7 శాతానికి ఉందనుకుని లెక్క కట్టండి. అప్పుడు సమానమయ్యేది నేటి ధరలో రాత్రికి సుమారు 6,050 రూపాయల గదితో. ఇది కూడా ఏటా ఏడుకు ఏడు రాత్రులూ వాడుకుంటేనే. సగటున ఏడాదికి నాలుగు రాత్రులే వాడుకున్నారనుకోండి, రాత్రికి దాదాపు 10,600 పడుతుంది. ఈఎంఐ వడ్డీ నేను ఇందులో కలపలేదు.

కాబట్టి మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. మీ ఇంటిల్లిపాదీ 25 ఏళ్ళపాటు ఏటా ఏడు రాత్రులు నల్లగొండ వదిలి బయట ఉంటారా?

మిర్యాల ధాన్యం | మిర్యాలగూడ

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు. నేను మెంబర్‌షిప్ ఉన్నవాణ్ణి, తృప్తిగా వాడుకుంటున్నవాణ్ణి. రెండో వైపు కూడా వినాలి.

మాది రైస్ మిల్లు. వరి కోతల కాలంలో ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. ఒక పంట పని ముగిసి మరో పంట ధాన్యం రావడానికి మధ్య కొన్ని వారాలు ఖాళీ దొరుకుతుంది. ఆ రోజుల్లో రిసార్టులు సగం ఖాళీగా ఉంటాయి. తక్కువ ధర సీజన్ తీసుకున్నాను, కోరుకున్న చోట దొరుకుతుంది. మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, బడి సెలవులతో పనిలేదు. అన్నదమ్ములం రెండు కుటుంబాలం కలిసి వెళతాం. హోటల్‌లో అయితే రెండు గదులు వేర్వేరు అంతస్తుల్లో ఇస్తారు. భోజనం వేళకు ఒకరినొకరు వెతుక్కోవాలి. ఇక్కడ హాలు ఉంటుంది, రాత్రి అందరం ఒకచోట కూర్చుంటాం. వంటగది ఉండటం గొప్ప సౌకర్యం. మా అమ్మకు బయటి తిండి పడదు. బియ్యం, చింతపండు, కారం వెంట తీసుకెళతాం. ఊటీ చలిలో పొగలు కక్కే అన్నం, పచ్చిపులుసు తింటే ఆ సంతోషం వేరు.

పిల్లలమర్రి సార్ లెక్క తప్పు అనను. కానీ ఐదుగురున్న కుటుంబం ఒక హోటల్ గదిలో పట్టదు. 3 వేల గదులు రెండు తీసుకుంటే 6 వేలు. సార్ చెప్పిన 6,050కి దాదాపు సమానమే కదా.

పిల్లలమర్రి నీడ | మహబూబ్‌నగర్

ఒప్పుకుంటాను. రెండు గదులు తీసుకునేవాళ్ళకు డబ్బు లెక్క దగ్గరదగ్గరగా వస్తుంది. అప్పుడు తేల్చేది వాడకమే. మీకు తేదీలు మీ చేతిలో ఉన్నాయి, ఏటా వాడుకుంటున్నారు, వాడుకునే మనుషులు ఇద్దరు ముగ్గురు కాదు. మీలాంటివారికి ఇది నప్పుతుంది. ఉదయసముద్రం గారికి తేదీలు విద్యాశాఖ చేతిలో ఉన్నాయి.

ఉదయసముద్రం | నల్లగొండ

ఇది రాస్తున్నది ఆయన కాదు, ఆయన భార్యను. ఆయన చూపిస్తే అన్నీ చదివాను. మిర్యాలగూడ అన్నయ్య గారూ, మీ మాట కాదనడం కాదు గానీ నాకు ఒక సందేహం. పొగలు కక్కే ఆ అన్నం వండింది ఎవరు?

ఏడాదంతా తెల్లవారుజామున లేచి ఐదు టిఫిన్ డబ్బాలు సర్ది బడికి పరుగెత్తుతాను. సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడతాను. సెలవులో ఎక్కడికైనా వెళితే నాకు కావలసింది కొండా కాదు, కోనా కాదు. ఎవరో వండి వడ్డిస్తే కూర్చుని తినడం. ఆ రోజు వాళ్ళు గోడ మీద బొమ్మలు వేసి యూనిట్ చూపించారు. అందులో గ్యాస్ పొయ్యి, సింకు కనిపించగానే నాకు ఉత్సాహం పోయింది. మా అత్తగారు మెత్తటి ఇడ్లీ, పెరుగన్నం దొరికితే చాలంటారు. తమిళనాడు, కేరళ వైపు అవి దొరకని ఊరు లేదు.

ఇంకొక మాట. ఆ రోజు నాతో మాట్లాడిన అమ్మాయి పదే పదే ‘మీ పిల్లల కోసం మీరు ఈమాత్రం చేయలేరా మేడమ్’ అంది. నాకు చాలా బాధ కలిగింది. పిల్లల కోసం మేము ఏమి చేస్తున్నామో ఆ అమ్మాయికి ఏమి తెలుసు?

మిర్యాల ధాన్యం | మిర్యాలగూడ

అమ్మా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. మా ఇంట్లో వంట మా వదిన, నా భార్య చేస్తారు. వాళ్ళకు ఇష్టమే అనుకుంటూ వచ్చాను. ఈ రాత్రి అడుగుతాను. ఆ అమ్మాయి అలా మాట్లాడి ఉండకూడదు.

కోర్టు మెట్లు | నల్లగొండ

వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిని. సంతకం పెట్టకముందు అడిగారు కాబట్టి సంతోషంగా రాస్తున్నాను. చాలామంది పెట్టాక వస్తారు.

మొదట, మీరు కొనేది ఏమిటో స్పష్టంగా తెలుసుకోండి. మన దేశంలో ఈ పేరుతో అమ్మేది సాధారణంగా వాడుకునే హక్కు మాత్రమే. భూమి కాదు, భవనం కాదు. మీ పేరిట రిజిస్ట్రేషన్ ఉండదు. అమ్మేవాళ్ళు కొందరు దీన్ని ఆస్తి అంటారు. చౌటుప్పల్ దగ్గర వెంచర్‌లో ప్లాటు కొన్నట్టే అని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. ప్లాటుకు దస్తావేజు ఉంటుంది, అవసరం వస్తే అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. దీనికి అవేవీ లేవు.

రెండోది, మనసు మార్చుకునే గడువు. ఐరోపా సమాఖ్య దేశాల్లో టైమ్‌షేర్ కొన్నవారు 14 రోజుల్లోగా కారణం చెప్పకుండా వెనక్కి తీసుకునే హక్కు చట్టమే ఇస్తుంది. మన దగ్గర టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు. గడువు అగ్రిమెంట్‌లో ఎంత రాస్తే అంతే. చాలా కంపెనీలు 10 రోజులు రాస్తాయి. ఆ పది రోజులు డబ్బు కట్టిన నాటి నుంచా, కాగితాలు చేతికి అందిన నాటి నుంచా అన్నది చూడాలి. కార్డు గీకిన రోజు నుంచి లెక్క మొదలైతే, కాగితాలు కొరియర్‌లో వచ్చేసరికే గడువు ముగిసిపోవచ్చు. గడువు దాటాక రద్దు చేస్తే ఎంత కోత వేస్తారో అది కూడా చదవండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. నోటితో చెప్పిన ప్రతి మాటా అగ్రిమెంట్‌లో ఉండాలి. జడ్చర్ల మిత్రుడు రాసిన ‘సర్దుతాం’ అనే మాట ఏ కాగితంలోనూ ఉండదు. పైగా, కాగితంలో లేని హామీలేవీ కంపెనీని కట్టడి చేయవని ఒక నిబంధన చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. మీరు ఆ మేనేజర్‌కు ఒక ఈమెయిల్ పంపండి. దసరా సెలవుల్లో, మే నెలలో మాకు గది ఇస్తామని చెప్పారు, అది రాతపూర్వకంగా తెలియజేయండి అని అడగండి. వచ్చే జవాబును బట్టి మీకే అర్థమవుతుంది.

ఇప్పటికే ఇబ్బంది పడుతున్న జడ్చర్ల మిత్రుడి బావగారి కోసం నాలుగు మాటలు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. అగ్రిమెంట్‌లో ముంబై కోర్టులు, చెన్నై కోర్టులు అని రాసి ఉన్నా భయపడనక్కరలేదు. మధ్యవర్తిత్వ నిబంధన ఉన్నా సరే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషనే. 5 లక్షల వరకు రుసుము కూడా లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళలోగా వేయాలి. ఇది మాత్రం చాలామంది మరిచిపోతారు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించమనండి. కొన్ని వివాదాలు అక్కడే తేలిపోతాయి.

జడ్చర్ల జంక్షన్ | జడ్చర్ల

సార్, చాలా కృతజ్ఞతలు. రెండేళ్ళ గడువు సంగతి మాకు తెలియదు. ఈ రోజే బావగారికి చెబుతాను. రసీదులు, ఈమెయిళ్ళు అన్నీ అక్క దాచిపెట్టింది.

ఉదయసముద్రం | నల్లగొండ

ఇప్పుడు నేనే రాస్తున్నాను. మా ఆవిడ రాసింది చదివాక ఇంట్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒక విషయం అడగడం మరిచాను. మాకు మొదట చెప్పిన కంపెనీ కాకుండా మా సహోపాధ్యాయుడు ఒకరు ఇంకో పథకం గురించి చెప్పారు. అందులో రాత్రులు వాడుకోకపోతే కొన్నేళ్ళ తర్వాత కట్టిన దానికంటే ఎక్కువ తిరిగి ఇస్తారట. అలా అయితే నష్టం లేదు కదా?

పిల్లలమర్రి నీడ | మహబూబ్‌నగర్

అయ్యా, దాని దరిదాపులకు కూడా వెళ్ళవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

గది వాడుకోకపోతే లాభంతో డబ్బు తిరిగి ఇస్తామంటే అది విహారయాత్ర పథకం కాదు, డిపాజిట్ల సేకరణ. పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే సెబీ అనుమతి లేకుండా అలా వసూలు చేయకూడదు. పాన్‌కార్డ్ క్లబ్స్ ఉదంతం గుర్తుందా? హోటల్ గదుల రాత్రుల పేరుతో 50 లక్షలకు పైగా మంది దగ్గర 7 వేల కోట్లకు పైగా వసూలు చేశారు. అది అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని తేల్చి, డబ్బు వెనక్కి ఇవ్వాలని సెబీ 2016 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆదేశం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం మరో ఎత్తు. కట్టినవాళ్ళలో ఎక్కువ మంది చిన్న ఉద్యోగులు, చిన్న వ్యాపారులు. తెలిసినవాళ్ళు చెప్పారనే నమ్మి కట్టారు. మీ సహోపాధ్యాయుడికి కూడా దయచేసి చెప్పండి.

సోమశిల రేవు | కొల్లాపూర్

ఉదయసముద్రం గారూ, మీ మొదటి పోస్టులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ముందే డబ్బు కడితేనైనా కదులుతామేమో అన్నారు. దానికి 5 లక్షలు అవసరమా? బ్యాంకులో నెలకు మూడు నాలుగు వేల రికరింగ్ డిపాజిట్ విడిగా తెరవండి. యాత్రకు తప్ప ముట్టుకోకండి. ఏడాది తిరిగేసరికి 40, 50 వేలు చేతిలో ఉంటాయి. ఒక ఏడాది వెళ్ళలేకపోతే ఆ డబ్బు మీ దగ్గరే ఉంటుంది, వచ్చే ఏడాది ఇంకా బాగా వెళ్ళవచ్చు.

మన దగ్గరే ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. వారం రోజులు దొరికితేనే సెలవు అనుకుంటాం. శని, ఆదివారాలకు పక్కన ఒక పండుగ కలిస్తే చాలు. నాగార్జునసాగర్‌లో పర్యాటక శాఖ వారి విజయ విహార్ నుంచి జలాశయం ఎదురుగా కనిపిస్తుంది. అక్కడే 2022 మేలో ప్రారంభించిన బౌద్ధ పార్కు బుద్ధవనం చూడటానికి పెద్దవాడి వయసు పిల్లలకు ఒక పూట చాలదు. మా సోమశిలకు రండి. కృష్ణ ఒడ్డున కాటేజీలు ఉన్నాయి, నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు శ్రీశైలానికి లాంచీ నడుపుతారు. ఉదయం తలుపు తీస్తే నది మీద మంచు కమ్ముకుని చేపల పడవలు సగమే కనిపిస్తాయి. ఆ దృశ్యం కోసం ఎంతో దూరం నుంచి వస్తుంటారు, నల్లగొండ వాళ్ళు మాత్రం తక్కువ. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటితే అమ్రాబాద్ అడవి, ఫర్హాబాద్ వ్యూ పాయింట్, మల్లెల తీర్థం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారి మూసేస్తారు కాబట్టి వేళ చూసుకుని బయలుదేరండి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు మీ పెద్దవాడికి చరిత్ర పాఠంగా కూడా పనికొస్తాయి.

ఇవేవీ టైమ్‌షేర్ రిసార్టుల జాబితాలో ఉండవు. 20 వేల రుసుము కట్టిన ఏడాది ఇటువైపు రావాలని ఎవరికీ అనిపించదు. కట్టాం కదా అని ఎప్పుడూ ఆ జాబితాలోని ఊళ్ళకే పోతారు.

హోటల్ వైపు ఇంకొక మేలు జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు ధర ఉన్న గదులకు జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 4 వేల గది మీద పన్ను 480 ఉండేది, ఇప్పుడు 200. టైమ్‌షేర్ నిర్వహణ రుసుము మీద మాత్రం 18 శాతం పన్ను పడుతుంది.

రాచకొండ గుట్ట | సంస్థాన్ నారాయణపురం

రైలు సంగతి ఎవరూ రాయలేదు. రిసార్ట్ గది నెలల ముందే బుక్ చేసుకోవాలి, లేకపోతే రద్దీ రోజుల్లో దొరకదు. రైలు రిజర్వేషన్ మాత్రం 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 2024 నవంబరుకు ముందు 120 రోజులు ఉండేది, తగ్గించారు. గది ఖాయం, ప్రయాణం ఖాయం కాదు అన్న పరిస్థితి వస్తుంది. వెయిటింగ్ లిస్టు తగిలి వెళ్ళలేకపోతే ఆ రాత్రులు పోయినట్టే, లేదా వాళ్ళ నిబంధనల ప్రకారం కోత. హోటల్ అయితే ఉచితంగా రద్దు చేసుకునే గది ముందుగా పట్టుకోవచ్చు. టికెట్ దొరికాక ఉంచుకోవచ్చు, దొరకకపోతే వదిలేయవచ్చు. నల్లగొండ నుంచి ఎక్కడికి పోవాలన్నా రైలు దొరకడమే సగం యాత్ర.

సూర్యాపేట బస్టాండ్ | సూర్యాపేట

పాత మెంబర్‌షిప్‌లు సగం ధరకు అమ్ముతామని ప్రకటనలు చూస్తున్నాను. అలా కొంటే లాభమా?

మిర్యాల ధాన్యం | మిర్యాలగూడ

నాకు తెలిసినవాళ్ళు ఒకరు అలా కొన్నారు, బాగానే ఉంది. కానీ జాగ్రత్తలు ఉన్నాయి. మిగిలిన ఏళ్ళు ఎన్ని, పాత బకాయి ఏమైనా ఉందా, పేరు మార్చడానికి కంపెనీ ఎంత రుసుము తీసుకుంటుంది, మొదటి సభ్యుడికి ఉన్న సౌకర్యాలన్నీ మీకు వస్తాయా అనేవి కంపెనీ కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవాలి. మధ్యవర్తి మాట మీద ఒక్క రూపాయి కూడా కట్టకండి. మీ మెంబర్‌షిప్ అమ్మిపెడతాం, ముందు కొంత కట్టండి అని ఫోన్లు వస్తుంటాయి. నాకూ వచ్చాయి. కట్టినవాళ్ళకు ఆ తర్వాత ఫోను ఎత్తేవాళ్ళే ఉండరు.

సగం ధరకు ఇన్ని అమ్మకానికి ఉన్నాయంటే, కొత్తది పూర్తి ధరకు కొన్న మరునాడు దాని విలువ ఎంతో ఆలోచించుకోండి. సంతృప్తిగా ఉన్న సభ్యుడిగా ఈ మాట చెబుతున్నాను.

ఉదయసముద్రం | నల్లగొండ

న్యాయవాది గారు చెప్పినట్టే ఈమెయిల్ పంపాను. దసరా, మే నెలల్లో గది ఇస్తారని రాసి ఇవ్వండి అని అడిగాను. జవాబు రాయలేదు, ఫోను చేశారు. ఫోనులో మళ్ళీ అదే మాట, తప్పకుండా సర్దుతామండీ అని. రాసి పంపండి అంటే మా విధానంలో లేదన్నారు. అప్పుడు ఇంకో 40 వేలు తగ్గిస్తామని కూడా చెప్పారు. ఆదివారం తర్వాత ఉండదన్న ధర ఫోనులో నిమిషంలో తగ్గింది. వద్దని చెప్పేశాను.

సోమశిల గారు చెప్పిన రికరింగ్ డిపాజిట్ ఈ నెల నుంచే మొదలుపెడుతున్నాం, నా భార్య ఖాతాలో. ఈ దసరాకు చేతిలో ఉన్న డబ్బుతోనే మున్నార్ అనుకుంటున్నాం. నల్లగొండ మీదుగా శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది కదా. ఎక్కడ దిగాలి, అమ్మతో ఘాట్ రోడ్డు ఇబ్బంది అవుతుందా? గది ఎక్కడ తీసుకుంటే మంచిది?

మిర్యాల ధాన్యం | మిర్యాలగూడ

మంచి నిర్ణయం. మా ఇంట్లో కూడా అడిగాను. ఈసారి వంట సామాను వద్దన్నారు, ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఆలువాలో దిగండి. అక్కడి నుంచి మున్నార్ సుమారు 110 కిలోమీటర్లు. టాక్సీ ముందే మాట్లాడుకోండి. నేరియమంగళం దాటాక మలుపులు మొదలవుతాయి. అడిమాలి లోపే చీయప్పార జలపాతం రోడ్డు పక్కనే వస్తుంది. అక్కడ ఆపి అమ్మగారిని కాసేపు నడిపించండి, తల తిరగడం తగ్గుతుంది. అక్టోబరులో అక్కడ మధ్యాహ్నం దాటితే వాన పడుతుంది కాబట్టి చూడవలసినవి ఉదయమే ముగించుకోండి. గది మున్నార్ ఊళ్ళోనే తీసుకోండి. చిన్నకనాల్ వైపు రిసార్టులు ఫొటోల్లో బాగుంటాయి గానీ ఊరికి చాలా దూరం. అమ్మగారికి మందు కావాలన్నా, ఇడ్లీ కావాలన్నా కారు తీయాలి. గది నేల అంతస్తులో ఉందో లేదో ఫోను చేసి అడగండి, మెట్లు ఎక్కువ ఉంటాయి.

రాచకొండ గుట్ట | సంస్థాన్ నారాయణపురం

బయలుదేరే తేదీకి 60 రోజుల ముందు, ఉదయం సరిగ్గా 8 గంటలకు రిజర్వేషన్ తెరుచుకుంటుంది. దసరా రద్దీ, ఆ పది నిమిషాల్లోనే అయిపోతాయి. అమ్మగారి టికెట్ విడిగా లోయర్ బెర్త్ కోటాలో తీయండి. మీ అందరితో కలిపి తీస్తే ఆ కోటా వర్తించదు. ఒకే బోగీలో వచ్చేలా చూసుకోండి. తిరుగు టికెట్‌కు కూడా ఆ తేదీ లెక్క వేరు, ఇప్పుడే క్యాలెండర్‌లో రెండు రోజులూ గుర్తు పెట్టుకోండి.